రేపటికి 17 రోజులు

చీపురుపల్లి,
ఆదివారం

ఒరే బాబూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలు కాస్త నయం, మొన్న సంత వరకు నడిచి వెళ్ళొచ్చారు. వానలు సరిగ్గా లేక ఉభాలు ఇంకా సగమే అయ్యాయి. గౌరికి ఎనిమిదో నెల పెట్టింది, కాళ్ళు వాస్తున్నాయి, ఉప్పు తగ్గించమంటే వినదు. మీ ఇద్దరిదీ ఒకటే మొండితనం.

నీ ఫోను వచ్చి 16 రోజులైంది. నీ సొరంగం సైటున్న ఆ కొండల్లో సిగ్నల్ ఉండదని తెలుసు, తప్పు పట్టడం లేదు. ఊరికే లెక్క చెప్తున్నాను.

నిన్న ముందుగది తలుపు తుడుస్తుంటే నువ్వు మేకుతో గీసిన గీతలు చేతికి తగిలాయి. రెండుసార్లు రంగు వేయించినా అవి పూడలేదు. గుర్తుందా? 2010 దసరా సెలవులు, నువ్వు ఆరో తరగతి. చిలీ దేశంలో, అటకామా ఎడారిలో సాన్ హోసే గని కూలి 33 మంది లోపల ఉండిపోయారు. ఆగస్టు 5న కూలితే 17 రోజుల దాకా వాళ్ళు బతికున్నారో లేదో ఎవరికీ తెలియలేదు. బోర్లు వేస్తూనే ఉన్నారు. చివరికి ఒక బోరు లోపలికి తగిలి, దాని కొసకు కట్టిన చీటీ పైకొచ్చింది, 33 మందీ క్షేమంగా ఉన్నామని ఎర్ర సిరాతో రాసి. ఆ చీటీని దేశాధ్యక్షుడే చేత్తో పైకెత్తి అందరికీ చూపించాడు.

మొదటి మనిషిని పైకి తీసింది అక్టోబరు 13న, మనకు పొద్దున్న ఎనిమిదిన్నర దాటాక. నేను పొయ్యి మీద పెసరట్టు వదిలేసి టీవీ ముందుకు వచ్చాను, అది మాడిపోయింది. మనిషి ఇరుక్కుని నిలబడేంత ఇనప గొట్టం, దాన్ని 600 మీటర్ల పైచిలుకు లోతు నుంచి తాడుతో లాగుతున్నారు. ఒక్కొక్కడు బయటికి రాగానే నువ్వు పరుగెత్తి తలుపు మీద ఒక గీత గీసేవాడివి. మీ నాన్న కేకలేస్తే తాత వద్దన్నాడు, గీసుకోనీ అన్నాడు. తాత ఆ రోజు అన్నం కూడా టీవీ ముందే తిన్నాడు. వెలిగించని చుట్ట వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. రాత్రి సగం మంది పైకి వచ్చేసరికి నువ్వు నిద్రపోయావు. మిగతా గీతలన్నీ తాత గీసినవే. చూడు ఎప్పుడైనా, నీవి వంకరగా ఉంటాయి, ఆయనవి నిలువుగా లోతుగా ఉంటాయి. తెల్లారి ఆరున్నర అవుతుండగా ఆఖరివాడు వచ్చాడు. అప్పుడు తాత నన్ను పిలిచి అడిగాడు, అందరినీ కావలించుకుంటున్న ఆ మనిషి ఎవరే, గని యజమానా అని. కాదు మావయ్యా, ఆ దేశాధ్యక్షుడు, పినేరా అని చెప్పాను. తాత చాలాసేపు మాట్లాడలేదు. తరవాత గరివిడి మాంగనీసు గనిలో జరిగిన సంగతి చెప్పాడు, నీకెప్పుడూ చెప్పలేదు అది. మట్టి పెళ్ళ విరిగి ఒకతని మీద పడితే, పార తగులుతుందన్న భయంతో పారలు పక్కన పడేసి అందరూ చేతులతో తవ్వారట. గోళ్ళు ఊడిపోయాయట. మనిషి దక్కలేదు. పెద్దవాళ్ళెవరూ ఆ రోజు రాలేదు, మర్నాడు జీపు వచ్చింది, పని ఎప్పుడు మొదలవుతుందని అడిగి వెళ్ళిపోయింది. అంత పెద్ద దేశాన్నేలేవాడు గొయ్యి ఒడ్డున నిలబడతాడా అమ్మా అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ అధ్యక్షుడి మీద 2019లో ఆ దేశ జనమే రోడ్డెక్కారు, అదీ నిజమే. 2024లో హెలికాప్టర్ కూలి పోయాడు. కానీ గని కంపెనీ చేతులెత్తేస్తే ప్రభుత్వం తన నెత్తిన వేసుకుంది, బతికున్నారన్న కబురు లేని రోజుల్లో కూడా తవ్వకం ఆపనివ్వలేదు. ఆ 33 మందిలో ఒకడు బొలీవియావాడైతే, ఆ ఒక్కడి కోసం బొలీవియా అధ్యక్షుడు కూడా వచ్చాడు. ఒక్కడి కోసం రావడమే నాకు ఇన్నేళ్ళయినా మనసులో ఉండిపోయింది.

అందరికంటే ఆఖరున వచ్చినవాడు వాళ్ళ షిఫ్టు పెద్ద, లూయిస్ ఉర్జువా. నీ ఉద్యోగం లాంటిదే. ఉన్న కాస్త చేపల డబ్బా 48 గంటలకోసారి మనిషికి రెండు చెంచాల చొప్పున పంచుకుని 17 రోజులు అందరూ నిలిచారు. మొదట్లో వాళ్ళు గాలి గొట్టం గుండా ఎక్కిపోదామని చూశారు, ఉండాల్సిన నిచ్చెన అందులో లేదు. ఒక్క నిచ్చెనరా. దానికెంత అవుతుంది?

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. సన్యాసమ్మ కొడుకు మీ సైటు నుంచి వచ్చేశాడు. కొట్టు దగ్గర అన్నాడట, సొరంగంలో పైనుంచి పెళ్ళలు రాలుతున్నాయని, నీళ్ళు కారుతున్నాయని, చెబితే వినేవాళ్ళు లేరని. నువ్వు లోపలికి వెళ్తున్నావని నాకు ఒక భయం. ఆ విననివాళ్ళలో నువ్వు ఉన్నావేమోనని ఇంకో భయం, రెండోది రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు. మన ఊరివాళ్ళు తొమ్మిది మంది నీ మాట నమ్మి వచ్చారు. రాములమ్మ గుడి దగ్గర నా చెయ్యి పట్టుకుని, మా వాడు మీ అబ్బాయి దగ్గరే ఉన్నాడు, నాకేం బెంగ లేదు అంది. నేనేం చెప్పను?

2023లో దీపావళి నాడు ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా సొరంగం కూలి 41 మంది ఇరుక్కున్నప్పుడు కూడా 17 రోజులే. మిషను విరిగిపోతే ఆఖరి కొన్ని మీటర్లు మనుషులే చేతి పనిముట్లతో తవ్వారు. అందరూ బతికి వచ్చారు, ముఖ్యమంత్రి సొరంగం దగ్గరే ఉండి దండలు వేశాడు, ప్రధానమంత్రి ఫోనులో మాట్లాడాడు. బాగుంది. కానీ అంతదాకా రాకుండా చూడాల్సింది సైటులో ఉన్నవాళ్ళే కదా. నీకు ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. కూలీ వచ్చి పైనుంచి చప్పుడు వస్తోంది సార్ అంటే వాడితో పాటు లోపలికి నడిచి, నువ్వు కూడా విను. పై ఆఫీసరు కోప్పడినా కాగితం మీద రాసి పెట్టు. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ రెండెకరాలు ఉన్నాయి.

సూరిబాబు గురువారం బయలుదేరుతున్నాడు, అతనితో డబ్బా పంపుతున్నాను. చిమ్మిలి, బెల్లం ఆవకాయ, చోడిపిండి ఉన్నాయి. పిండిలో తేమ తగలనివ్వకు. ఉన్ని బనీను అడుగున పెట్టాను, లోపల తడి ఉంటే వెంటనే మార్చుకో. చిమ్మిలి ఎక్కువే చేశాను, తొమ్మిది మందికీ పెట్టు, రాములమ్మ కొడుక్కి రెండు ఎక్కువ ఇయ్యి. ఆ కుర్రాడి చేత వాళ్ళమ్మకు నీ ఫోను నుంచే మాట్లాడించు, తరవాత నాకు ఇవ్వమను.

అమ్మ