12 మైక్రాన్ల దొంగ

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. నాన్నకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చిన్నదానికి సీటొచ్చింది, ఇల్లు ఇంకా మారలేదు. అంతే. అసలు సంగతి ఇదిగో, ఇది నీకు చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

మా సీఎంఎం (ముక్కల్ని తాకి కొలిచే మెషీన్) ఉన్నట్టుండి మంచి ముక్కల్ని రిజెక్ట్ చేయడం మొదలెట్టింది. అల్యూమినియం హౌసింగ్, 40 హెచ్7 బోరు (40 మిల్లీమీటర్ల రంధ్రం, అంతకంటే తగ్గకూడదు). గో గేజ్ (సరైన బోరులో దిగాల్సిన కొలత కడ్డీ) హాయిగా దిగుతోంది, మెషీన్ మాత్రం 39.994 అంటోంది. అదే ముక్కకి బయటి స్పిగాట్ (గుండ్రటి మెడ) 60 దాటకూడదు, 60.007 చూపిస్తోంది!

మేనేజర్ గారు ఏసీ మీద పడ్డారు, గది 20 డిగ్రీల్లో లేదని. 40 మిల్లీమీటర్ల అల్యూమినియం డిగ్రీకి ఒక్క మైక్రాన్ (మిల్లీమీటర్లో వెయ్యో వంతు) కూడా మారదు. 12 తగ్గాలంటే (తర్వాత తేలిన తేడా అంతే) 13 డిగ్రీల తేడా ఉండాలి. పైగా చలికైతే బోరూ స్పిగాటూ రెండూ తగ్గాలి కదా, ఒకటి తగ్గి ఒకటి పెరగడమేంటి? పైకి అనలేదులే. పల్లీల మాస్టారి క్లాసులో నోరు తెరిచి నువ్వేమయ్యావో గుర్తుంది.

స్టైలస్ (ప్రోబ్‌కి ఉండే, ముక్కని తాకే కడ్డీ) బిగించాం. దాని కొసనున్న రూబీ గోళీకి అల్యూమినియం అంటుకుందేమోనని లెన్స్ పెట్టి చూశాం, శుభ్రంగా ఉంది. మళ్లీ మాస్టర్ బాల్ (సైజు ముందే తెలిసిన గోళం) మీద కాలిబ్రేట్ చేస్తే ఫామ్ ఎర్రర్ (గుండ్రతనంలో తేడా) ఒక్క మైక్రాన్. ‘ప్రోబ్ ఓకే’ అని అందరూ చేతులు దులుపుకున్నారు.

సాయంత్రం అందరూ వెళ్లాక రింగ్ గేజ్ (లోపలి సైజు కచ్చితంగా తెలిసిన ఉంగరం) పెట్టా. సరిగ్గా 12 మైక్రాన్లు తక్కువ! రెండు బోర్ల సెంటర్ దూరం మాత్రం కరెక్టే. సెంటర్లు సరిగ్గా ఉండి సైజులు తప్పాయంటే టిప్ (ఆ రూబీ) సైజులోనే ఏదో ఉంది. పాత రిపోర్టులు లాగా. మన 4 మిల్లీమీటర్ల రూబీ ఎప్పుడూ 3.984 దగ్గర వచ్చేది (తాకాక ట్రిగర్ అయ్యేలోపు కాస్త వంగుతుందిగా, అందుకే తక్కువ). ఇప్పుడు 3.972. కాగితం మీద ఎదురుగానే ఉందిరా, మనవాళ్లు ఫామ్ గడి తప్ప ఇంకోటి చూడరు!

సర్వీసుకొచ్చినవాళ్లు మాస్టర్ బాల్ మార్చి వెళ్లారు. పాతది 24.9987, కొత్తది 24.9867. సాఫ్ట్‌వేర్‌లో పాత అంకే ఉంది. సర్టిఫికెట్ చెక్క డబ్బాలో, స్పాంజి కింద, మడత కూడా విప్పకుండా. బాల్ చిన్నదైన సంగతి తెలియక సాఫ్ట్‌వేర్ ఆ తేడాని రూబీ మీదకి తోసేసింది. బోరుకి టిప్ సైజు కలుపుతుంది, బయటి సైజుకి తీసేస్తుంది, అదీ కథ. ఫామ్ ఎందుకు బాగుందంటావా? బాల్ గుండ్రంగానే ఉంది కదరా!

అంకె మార్చి కాలిబ్రేట్ చేయగానే రింగ్ గేజ్ దారికొచ్చింది. గంతులేశా, టమాటా బిల్లు రోజు వేసినట్టు.

కానీ అప్పటికే కొన్ని ముక్కల్ని ‘బోరు చిన్నది’ అని రీవర్క్‌కి పంపేశారు. బోరు పెద్దదై అవిప్పుడు నిజంగానే నో-గో (దిగకూడని గేజ్ కూడా దిగుతుంది). గేజ్ పట్టుకుని ‘సార్, దిగుతోంది చూడండి’ అని మిషన్ మీదున్న పెద్దాయన తిరుగుతూనే ఉన్నాడు, ఒక్కరైనా... సరే వదిలెయ్.

సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే ఏమన్నారో తెలుసా, అది ఇంకో రామాయణం, వాళ్లంటారూ — అరె, కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. ఉంటా.

నీ
బోడిగాడు