‘వద్దు’ అనే బటన్ కూడా ఎదురుగానే ఉండాలి

సంపాదకులకు,

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నిబంధనలను కేంద్రం 2025 నవంబరులో నోటిఫై చేసింది. ఉల్లంఘించిన సంస్థలకు రూ.250 కోట్ల దాకా జరిమానా సంగతి అటుంచి, ఫోన్ ఉన్న ప్రతివారికీ రోజూ ఎదురయ్యే ఒక విషయాన్ని మీ దృష్టికి తేదలచాను.

తెలుగు వార్తల సైటు ఏదైనా తెరిస్తే చాలాసార్లు శీర్షిక చదివేలోపే సగం తెరను కప్పేస్తూ కుకీల (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు మన ఫోన్‌లో దాచే చిన్న ఫైళ్ల) గురించి ఇంగ్లిషులో ఒక నోటీసు వస్తుంది. ‘అన్నీ అంగీకరిస్తున్నాను’ అనే బటన్ ముదురు రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వద్దనుకున్నవారు మాత్రం పాలిపోయిన అక్షరాల్లో ఉన్న ‘సెట్టింగ్స్’ను వెతికి పట్టుకుని, లోపలికి వెళ్లి, ‘భాగస్వాములు’ అన్న పేరుతో బారులు తీరిన ప్రకటనల కంపెనీల ఎదుట ముందే ఆన్ చేసి పెట్టిన స్విచ్‌లను ఒక్కొక్కటే ఆపుకుంటూ రావాలి. లాగిన్ గుర్తుంచుకునే కుకీలతో ఎవరికీ పేచీ లేదు. మనం ఏ సైటు నుంచి ఏ సైటుకు వెళ్తున్నామో కనిపెట్టే ప్రకటనల కుకీలకు ఇలా రాబట్టిన సమ్మతిని సమ్మతి అనలేము.

ఈ నిబంధనలకు మూలమైన 2023 నాటి డేటా పరిరక్షణ చట్టంలోని ఆరో సెక్షన్ ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలికగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. సమ్మతి కోరే అభ్యర్థనను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనూ, చదువుకునే అవకాశం కల్పించాలి. అయితే నిరాకరించే బటన్ మొదటి తెరపైనే ఉండాలని అందులో విడిగా చెప్పలేదు. పైగా సంస్థల ప్రధాన బాధ్యతలు నోటిఫికేషన్ తర్వాత పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మే నెలలో గాని అమల్లోకి రావు.

ఐరోపా అనుభవం చూస్తే ఈ చిన్న ఖాళీయే ఎంత పెద్దదో తెలుస్తుంది. ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి కిందకు రాదని ఐరోపా న్యాయస్థానం 2019లోనే తీర్పు చెప్పినా, తిరస్కరించడాన్ని కష్టతరం చేసే డిజైన్లు ఆగలేదు. చివరికి ఇదే కారణంపై ఫ్రాన్స్ డేటా నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. ‘అన్నీ తిరస్కరించు’ అనే బటన్‌ను గూగుల్ ఆ తర్వాతే తెచ్చిపెట్టింది.

కనుక ‘అంగీకరిస్తున్నాను’, ‘వద్దు’ రెండూ మొదటి తెరపైనే, ఒకే పరిమాణంలో, పాఠకుడి భాషలో ఉండాలని కేంద్ర ఐటీ శాఖ గడువు లోపే స్పష్టత ఇవ్వాలి. పత్రికల వెబ్‌సైట్లు, చనువుగా అంటున్నాను, మీదీ కలుపుకుని, అందాకా ఆగనవసరం లేదు.

— ఒక పాఠకుడు, హనుమకొండ