ఆటోనగర్‌లో సాయం చేసిన బాబాయి గారికి కృతజ్ఞతలు

మీ పేరు అడిగేలోపే వెళ్లిపోయారు, అందుకే ఇలా రాస్తున్నానండి. మాది రావులపాలెం దగ్గర లంక ఊరు. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన మా టాటా 207 పికప్ బండిని నాన్నగారి గుర్తుగా బాగుచేయించుకుంటున్నాను. బ్రేక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) రాజమండ్రిలో దొరక్క విజయవాడ ఆటోనగర్‌కి వచ్చాను.

కౌంటర్ దగ్గర నేను పాతదానికే కొత్త రబ్బర్లు వేయిద్దామని కిట్‌కి డబ్బులు తీస్తుంటే, పక్కనున్న మీరు పాత సిలిండర్ అందుకుని, ఎండకేసి పట్టి లోపల గోరుతో తడిమారు. బోరులో, అంటే సిలిండర్ లోపలి గోడ మీద, సన్నటి గీత! "బోరు గీసుకుపోయింది నాయనా, రబ్బర్లు కొత్తవేసినా ఆయిల్ దాటిపోద్ది, పెడల్ కిందకి దిగిపోద్ది" అన్నారు. తర్వాత ఎండలో నాతో షాపులన్నీ తిరిగి, సిలిండర్ మీద పోతపోసిన నంబరు, పైపు మరలు సరిచూసి సరైనది ఇప్పించారు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుందనీ, మన గోదావరి గాలికి దాన్ని వేళకి మార్చాలనీ చెప్పారు. టీ కూడా తాగలేదు.

అరటి గెలల లోడుతో ఏటిగట్టు దిగేటప్పుడు ఇప్పుడు బ్రేక్ గట్టిగా పడుతోందండి. మీకు చాలా రుణపడి ఉన్నాను. ఇటొస్తే రావులపాలెం అరటి మార్కెట్‌లో తెల్ల 207 కోసం అడగండి, చక్కెరకేళి గెల మీకోసం తీసి ఉంచుతాను.