గౌరవ కాన్సుల్ ఫైలుపై సంతకం పెట్టే ముందు విచారించండి: విదేశాంగ మంత్రి గారికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో చిన్న లాడ్జి నడుపుతున్నాను. మా ఊరి వ్యాపారి ఒకరు ఒక విదేశానికి గౌరవ కాన్సుల్ (ఆ దేశం తరఫున ఇక్కడ ఉండి ఆ దేశస్థులకు సాయపడే, జీతం లేని ప్రతినిధి) కావాలని చేస్తున్న ప్రయత్నాల గురించి మీ శాఖకు అర్జీల మీద అర్జీలు పంపాను. జవాబు రాలేదు. ఇక్కడ అడిగితే ఒక అధికారి, ‘కాన్సుల్‌ను పెట్టుకునేది ఆ దేశం, మనకేం సంబంధం?’ అని కాగితం పక్కన పడేశారు.

సంబంధం ఉందండీ. కాన్సుల్‌ల వ్యవహారాలపై 1963 నాటి వియన్నా అంతర్జాతీయ ఒప్పందంలో మనం 1977లో చేరాం. నియామకం ఆ దేశానిదే అయినా మన ప్రభుత్వం ఎక్సెక్వేచర్, అంటే కాన్సుల్‌గా పనిచేయడానికి అనుమతి, ఇస్తేనే ఆయన ఆ కుర్చీలో కూర్చోగలరు. నిరాకరిస్తే కారణం చెప్పనక్కర్లేదని 12వ అధికరణమే అంటోంది. ఆయన భారత పౌరుడు కాబట్టి 22వ అధికరణం ప్రకారం మన సమ్మతి కూడా కావాలి. మీకు తెలియనిదేమీ కాదు. తెలిసీ పట్టించుకోకపోతే మేము ఎవరికి చెప్పుకోవాలి?

ఆ వ్యాపారి మీద నాకు పగ లేదు. మామిడి గుజ్జు ఎగుమతిలో కష్టపడి పైకొచ్చిన మనిషి. కానీ ఈ పదవికి ఆయన పట్టుకున్న దారి సిఫారసులది. ఆ దేశం వాళ్లు ఎవరు కొండకు వచ్చినా బ్రేక్ దర్శనానికి లేఖ సంపాదించడం, మహాద్వారం ముందు ఫోటో దిగడం, దాన్ని పట్టుకుని ప్రజాప్రతినిధుల ఇళ్ల చుట్టూ తిరగడం. పదవి రాకముందే అభినందనల ఫ్లెక్సీలు లేచాయి. ఆఫీసు తన గోదాము పైగదిలోనే పెడతారట. కాన్సులేట్ కాగితాలు సొంత వ్యాపారం కాగితాలతో కలవకూడదన్న నియమం ఉందని ఎవరైనా ఆయనకు చెప్పారా? వ్యాపారుల సమావేశంలో నేను పని గురించి అడిగితే ఆయన కారు మీద జెండా గురించి మాట్లాడారు. జెండా అధికారిక పని మీద వెళ్లేటప్పుడే. చట్టం నుంచి రక్షణ కూడా ఆ పని వరకే. ఇక తన జోలికి ఎవరూ రారన్న ధీమా ఆయనకు ఎక్కడిది?

కాన్సుల్ పని ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను. మలేసియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా లాడ్జిలో దిగారు. ఎప్పుడో తాతల కాలంలో వలస వెళ్లిన తెలుగు కుటుంబం. బస్టాండులో చేతిసంచీ పోయింది, పాస్‌పోర్టు అందులోనే ఉంది. విదేశీ అతిథుల వివరాలు ప్రభుత్వానికి పంపే సి-ఫారం కోసం మేము తీసుకున్న జిరాక్స్ ఒక్కటే ఆమె ఎవరో చెప్పే ఆధారం. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించాం, దాన్ని ఇంగ్లీషులో టైపు చేయించాం. చెన్నై కాన్సులేట్‌కు ఫోను చేసేసరికి శుక్రవారం సాయంత్రం దాటింది. సోమవారం దాకా ఆమె గదిలోంచి బయటకు రాలేదు. ఇన్సులిన్ సీసా మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాం. చెన్నైలో తాత్కాలిక ప్రయాణ పత్రం చేతికొచ్చాక కూడా దేశం విడిచి వెళ్లడానికి ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు చూసే ప్రభుత్వ కార్యాలయం) అనుమతి కోసం మళ్లీ ఆగాల్సి వచ్చింది. ఈలోగా విమానం టికెట్ పోయింది. ఆమె ఏడుస్తూ అడిగింది ఒకటే, ‘ఈ ఊళ్లో మా దేశం తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేరా?’ అని.

అందుకే తిరుపతికి గౌరవ కాన్సుల్‌లే వద్దని నేను అనను. ఏ దేశానికైనా సరే, ఉంటే మంచిదే. విదేశీ యాత్రికుడు చనిపోతే ఆ దేశం కాన్సులేట్‌కు వెంటనే తెలియజేయాలంటుంది 37వ అధికరణం. ఆ కబురు అర్ధరాత్రి వస్తే ఫోను ఎత్తే మనిషి కావాలి. ఆసుపత్రికి, స్టేషన్‌కు నడిచి వచ్చే మనిషి కావాలి. జీతం లేని పదవి కాబట్టి సేవ చేసే మనసున్నవాళ్లకే దక్కాలి.

అయ్యా, ఆ ఫైలు మీ దగ్గరకు వచ్చినప్పుడు సిఫారసు లేఖలు పక్కన పెట్టండి. హైదరాబాద్‌లోని మీ మంత్రిత్వ శాఖ బ్రాంచ్ సెక్రటేరియట్ నుంచి ఒక అధికారిని పంపి ఇక్కడ విచారణ జరిపించండి. ఆఫీసు ఎక్కడ, ఏ వేళల్లో తెరుస్తారు, రాత్రి ఫోను ఎవరు ఎత్తుతారు అని ఆ వ్యాపారినే అడిగించండి. మా లాడ్జీల వాళ్లను, పోలీసులను, ఆసుపత్రి వాళ్లను కూడా అడగండి. దయచేసి విచారణ పూర్తయ్యేదాకా సమ్మతి ఇవ్వకండి. నా అర్జీలకు ఒక్క వాక్యమైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
తిరుపతి లాడ్జి యజమాని ఒకరు