హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఎలా ఉన్నావే తల్లీ. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న బీపీ కంట్రోల్లోనే ఉంది, మాత్ర మాత్రం నేను చేతిలో పెడితేనే వేసుకుంటారు. తమ్ముడికి పరీక్షలు, గదిలోంచి బయటికి రావట్లేదు. నువ్వు ఫోన్ ఎత్తట్లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి వదిలేస్తున్నావు, అందుకని తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, వీలున్నప్పుడు చదువుకో. అక్కడ ఎండలు బాగా ముదిరాయట కదా, మధ్యాహ్నం పూట గ్రౌండ్‌లో నిలబడకు, తప్పనిసరైతే టోపీ పెట్టుకో, నీళ్ళల్లో కాస్త ఉప్పూ పంచదారా కలుపుకుని తాగుతూ ఉండు.

మొన్న డల్లాస్ పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ వంటగది కొత్తగా చేయిస్తున్నారట, అదంతా చెప్పి చెప్పి చివర్లో, "అమ్మలు ఉద్యోగం మానేస్తోందటగా అక్కా, ఫుల్ టైమ్ పిల్లలకి సాకర్ కోచ్‌గా వెళ్ళిపోతోందటగా" అంది. నేను తెలిసినట్టే ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక మీ నాన్నని అడిగితే ఆయనకీ తెలీదు. సరే, చెప్పాల్సినప్పుడు నువ్వే చెప్తావులే, నేను రాయాలని కూర్చున్నది దాని గురించి కాదు.

పోయిన వారం పని మీద న్యూజెర్సీలోనే హారిసన్ వైపు వెళ్ళాం. నువ్వు పుట్టకముందు మేం అద్దెకున్న ఇల్లు అక్కడే కదా, ఆ వీధిలోకి తిప్పమన్నాను మీ నాన్నని. ఇంటికి రంగు మారింది, మెట్లు అవే. ఊరు మాత్రం గుర్తు పట్టలేం, 2010లో ఆ సాకర్ స్టేడియం వచ్చిన దగ్గర్నుంచి అన్నీ అపార్ట్‌మెంట్లే. కానీ ఆ ఊరికీ పక్కన కెర్నీకీ బంతి పిచ్చి ఈ స్టేడియంతో రాలేదు, వందేళ్ళ పైమాట. దారం మిల్లుల్లో పనికని స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు పట్టుకొచ్చారట, ఆ తర్వాత పోర్చుగల్ వాళ్ళు, దక్షిణ అమెరికా వాళ్ళు, ఎవరొచ్చినా పిల్లలు కలిసేది గ్రౌండ్‌లోనే. అమెరికా టీమ్‌కి ఆడిన ట్యాబ్ రామోస్ అలా వచ్చినవాడే. ఉరుగ్వేలో మాంటెవిడియోలో పుట్టి పదకొండేళ్ళప్పుడు న్యూజెర్సీ వచ్చాడు. నీకు అతని పేరు నేను కొత్తగా చెప్పక్కర్లేదు, చలికాలంలో నిన్ను ఇండోర్ ప్రాక్టీస్‌కి అబర్డీన్ తీసుకెళ్ళేదాన్ని కదా, ఆ సెంటర్ అతని పేరు మీదే. నువ్వు లోపల ఆడుతుంటే నేను కార్లో హీటర్ వేసుకుని ఆఫీసు పని చేసుకునేదాన్ని.

కానీ 1994 సంగతి నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదనుకుంటా. పెళ్ళయి వచ్చిన కొత్త. ఇక్కడ వరల్డ్ కప్ జరుగుతోందని కూడా నాకు తెలీదు, మన ఇళ్ళల్లో మనకి క్రికెట్ తప్ప ఏం తెలుసు. జూలై 4, సెలవు. కింద వాటాలో ఇల్లుగలావిడ పోర్చుగీసు పెద్దావిడ, మేం ఇద్దరమే పైన ఏం కూర్చుంటామని కిందకి రమ్మంది. నేను పులిహోర కలిపి తీసుకెళ్ళాను, అదొక్కటే త్వరగా అయ్యేది. వెళ్ళి చూస్తే వీధి వీధంతా వాళ్ళ హాల్లోనే ఉంది, నేల మీద పిల్లలు, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు, మగవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. అమెరికాకీ బ్రెజిల్‌కీ మ్యాచ్, కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్‌లో. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో ఒక పొట్టి కుర్రాణ్ణి చూపించి, వీడు మా వాడు, ఇక్కడి వాడు అంది. అతనే రామోస్. గోల్ కీపర్ మియోలా కూడా మావాడే అంది. ఇంకొకడున్నాడు, హార్క్స్ అని, వాడికి ఎల్లో కార్డులు ఎక్కువై ఈ మ్యాచ్‌కి ఆడనివ్వలేదు, దాని గురించి ఒకాయన తల కొట్టుకుంటున్నాడు. పక్కపక్కనున్న రెండు చిన్న ఊళ్ళలోంచి ముగ్గురు కుర్రాళ్ళు దేశం టీమ్‌లో ఉండటం ఏంటో నాకు ఆశ్చర్యం. నాకు ఆట తెలీదు కాబట్టి ఆవిడ చూపించిన ఆ కుర్రాణ్ణే చూస్తూ కూర్చున్నా. బంతి వాడి దగ్గరికి వస్తే హాల్లో గొంతులు తగ్గేవి, వాడు ఇద్దరి మధ్యలోంచి తప్పించుకుని ముందుకి ఇస్తే మళ్ళీ లేచేవి. ఫస్ట్ హాఫ్ ఇంకాసేపట్లో అయిపోతుందనగా గీత పక్కన బ్రెజిల్ అతను లియొనార్డో, వీడు వదలకుండా పట్టుకుంటున్నాడని మోచెయ్యి వెనక్కి విసిరాడు. అది తిన్నగా కణత మీద తగిలింది. వాడు పడ్డాడు, లేవలేదు. పోయాడేమో అనుకున్నా అమ్మలూ, ఒట్టు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వాళ్ళ దేవుణ్ణి తలుచుకుంటోంది. పుర్రె ఎముక చిట్లిందని తర్వాత తెలిసింది. లియొనార్డోని రెడ్ కార్డ్ ఇచ్చి పంపేశారు, ఇంక టోర్నమెంట్ అంతా ఆడనివ్వలేదు, పాపం అతను ఆస్పత్రికి వెళ్ళి చూసొచ్చాడట కూడా.

నేను చెప్పాలనుకున్నది తర్వాత జరిగింది. బ్రెజిల్‌కి పది మందే మిగిలారు, అమెరికాకి పదకొండు మంది. ఇంక మనమే గెలుస్తాం అని హాల్లో పిల్లలు గంతులేస్తుంటే ఆవిడ మాత్రం కదల్లేదు. సెకండ్ హాఫ్ అంతా బంతి అమెరికా వాళ్ళ కాళ్ళ దగ్గర నిలవనే లేదు. వెనకవాళ్ళు వెనకే, ముందువాళ్ళు ముందే, మధ్యలో కలిపేవాడు లేడు. 72వ నిమిషంలో బెబెటో గోల్ కొట్టాడు, 1-0, అంతే. మిడ్‌ఫీల్డర్ అంటే ఎవరో నాకు ఆ రోజు అర్థమైంది, ఎవరూ పాఠం చెప్పకుండా. నీకు ఎనిమిదేళ్ళప్పుడు కోచ్ నిన్ను మధ్యలో వేశానంటే మీ నాన్న ఫార్వర్డ్ అయితే బాగుండేది గోల్స్ కొట్టేది అన్నారు, నేను కాదు అక్కడే ఉండనివ్వండి అన్నాను. అది ఈ మ్యాచ్ వల్లే.

కాలేజీలో నీ మోకాలి లిగమెంట్, ఆ ఏసీఎల్ తెగినప్పుడు కూడా నాకు అతనే గుర్తొచ్చాడు. అతనికీ మోకాలు పోయింది, మళ్ళీ వచ్చి 1997 సెప్టెంబర్లో పోర్ట్‌లాండ్‌లో కోస్టారికా మీద గోల్ కొడితే ఆ ఒక్క గోల్‌తోనే గెలిచారు. నీకు అప్పుడు ఇదంతా చెప్తే విసుక్కున్నావు, నొప్పిలో ఉన్నావు కదా. ఇప్పుడు ఆ మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు క్లిక్‌మంటోందన్నావు, డాక్టర్‌కి చూపించావా? పిల్లలకి ఆట చూపించే హుషారులో నువ్వు కూడా పరిగెడుతూ ఉంటావు, నాకు తెలుసు.

పిన్ని చెప్పింది నిజమే అయితే అని అడుగుతున్నా, ఏ క్లబ్బు? జీతమా, సీజన్ లెక్కనా? నోటి మాటేనా, కాగితం మీద ఉందా?

రామోస్‌ని 1984లో న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బు వాళ్ళు, కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తీసుకున్నారు తెలుసా, పీలే ఆడిన కాస్మోస్. పదిహేడేళ్ళ కుర్రాడు, వేరే ఎవరైనా ఎగిరి వెళ్ళిపోయేవాళ్ళు. వాడు వద్దనుకుని నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. మరుసటేడాదికి కాస్మోస్ ఆడే ఆ లీగే మూతపడింది. తర్వాత 1990లో ఇటలీ వరల్డ్ కప్, నలభై ఏళ్ళ తర్వాత అమెరికా వెళ్ళడం, ఆ టీమ్‌లో ఉన్నాడు. స్పెయిన్‌లో ఫిగెరస్ అనీ, తర్వాత బెటిస్ అనీ క్లబ్బులకి, మొదట రెండో డివిజన్‌లో ఆడాడు. 1995లో ఇక్కడి కొత్త లీగ్ ఎంఎల్ఎస్ సంతకం చేయించుకున్న మొట్టమొదటి ఆటగాడు అతనే, లీగ్‌లో అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. తొందరపడాల్సిన చోట పడ్డాడు, ఆగాల్సిన చోట ఆగాడు. నేను ఆగమంటున్నానని అనుకోకు. ఆలోచించుకోమంటున్నా.

కోచ్ అయ్యాక సంగతి నువ్వు బాగా గమనించాలి. 2011లో అమెరికా యూ-20 టీమ్, అంటే ఇరవై ఏళ్ళ లోపు కుర్రాళ్ళది, ఇచ్చారు. 2013లో టర్కీలో వాళ్ళ వరల్డ్ కప్‌లో మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేశారు, స్పెయిన్, ఫ్రాన్స్, ఘనా ఉన్న గ్రూపు మరి. తీసెయ్యలేదు, ఉంచారు. 2015, 2017, 2019 మూడుసార్లూ క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు, 2017లో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాలన్నీ ఆడే కాంకాకాఫ్ యూ-20 కప్పు అమెరికాకి మొదటిసారి తెచ్చాడు. టైలర్ ఆడమ్స్, టిమ్ వియా, డెస్ట్ వీళ్ళంతా ఆ చేతుల మీదుగా వెళ్ళినవాళ్ళే, 2022లో ఖతార్ వరల్డ్ కప్‌లో ఆడారు. అదే మనిషి మీ ఊరి టీమ్‌కి, హ్యూస్టన్ డైనమోకి కోచ్‌గా వస్తే, 2020, 2021 రెండు సీజన్లు చివర్లో జరిగే ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు, పంపేశారు. అందులో ఒకటి కోవిడ్ ఏడాది అని కూడా చూడలేదు. పిల్లల దగ్గర ఎనిమిదేళ్ళు టైమ్ ఇచ్చారు, పెద్దల దగ్గర రెండేళ్ళు. నువ్వు పిల్లల్ని ఎంచుకోవడం నాకు నచ్చింది అందుకే. కానీ ఎక్కడైనా కోచ్ ఉద్యోగం ఇంకొకళ్ళ చేతిలోనే ఉంటుంది, డైరెక్టర్ మారితే నీ మాట ఎవరికీ గుర్తుండదు. అతనికి న్యూజెర్సీలో ఆ అబర్డీన్ సెంటర్, తనదంటూ ఒక చోటు ఉంది కాబట్టి ఏ టీమ్ ఇచ్చినా తీసేసినా నిలబడ్డాడు. నీకూ అలాంటిదొకటి ఉండాలి, ఇవాళే కాకపోయినా.

అందుకని ముందు కోచ్ లైసెన్సులు పూర్తి చెయ్యి. డి అయిందన్నావు, సి కి అప్లై చేశావా? మీటింగులూ డిగ్రీలూ పడని మనిషివి, అది మాత్రం పక్కన పెట్టకు, బి ఉంటే అడిగే జీతం వేరు. పిల్లల భద్రత గురించిన ఆ సేఫ్‌స్పోర్ట్ ట్రైనింగ్ గడువు చూసుకో. సాయంత్రాలూ వీకెండ్లూ అన్నీ గ్రౌండ్‌లోనే పోతాయి, టోర్నమెంట్లంటే హోటళ్ళు, సరిగ్గా తినవు, అందుకే ఆదివారం వండి ఫ్రీజర్‌లో పెట్టుకో. కందిపొడి, గోంగూర పచ్చడి పంపిస్తున్నా, తమ్ముడి చేత ప్యాక్ చేయించాను, ఈసారి నూనె కారదు.

మీ తాతయ్య సికింద్రాబాద్ రోజుల గురించి చెప్పేటప్పుడు రహీం సాబ్ పేరు ఎత్తకుండా ఉండేవారు కాదు, గుర్తుందా. హైదరాబాద్‌లో స్కూల్ మాస్టారు ఆయన, 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన మన ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌లకి కోచ్ ఆయనే. 1962లో జకార్తా వెళ్ళేటప్పటికే క్యాన్సర్, మరుసటేడాది పోయారు. కోచ్ అంటే మన ఇంట్లో ఎప్పుడూ చిన్న మాట కాదు. మీ నాన్న కూడా అదే అన్నారు మొన్న రాత్రి, పిన్ని ఫోన్ తర్వాత. ఆయన బాధల్లా పిన్నికి తెలిసి మాకు తెలీకపోవడం. నాదీ అంతే. వద్దంటామని భయపడ్డావా? నిన్ను వానలో, మంచులో గ్రౌండ్‌కి తిప్పినవాళ్ళం మేమే కదే.

మానేసే రోజు ఖాయం అయితే దానికి ముందే ఆ మోకాలికి ఎమ్మారై తీయించుకో, పళ్ళ డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళిరా, ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా ఉంటుందో హెచ్ఆర్‌ని అడిగి రాసిపెట్టుకో, మానేశాక అదే ఇన్సూరెన్స్ సొంత డబ్బుతో ఉంచుకునే కోబ్రా చాలా ఖరీదు, కొత్త ప్లాన్ చూసుకున్నాకే పాతది వదులు. 401కే, ఆ రిటైర్మెంట్ డబ్బు మాత్రం ముట్టుకోకు, దాని సంగతి మీ నాన్న చూస్తానన్నారు. ఆదివారం పొద్దున్న ఇద్దరం ఇంట్లోనే ఉంటాం, వీడియో కాల్ చెయ్యి. కెమెరా ఆపేసి కాదు, పెట్టి. మోకాలు ఒకసారి చూపించు, వాపు ఉందో లేదో నేను చూస్తా. పిన్ని అడిగితే అమ్మకి ముందే తెలుసని చెప్పు.

అమ్మ