ఆ నల్ల పురుగుని నలిపేయకండి, దాని ఫొటో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ సాగు పేజీ మా ఇంట్లో అందరికంటే ముందు నేనే లాక్కుంటాను, అందుకే ఈ ఉత్తరం. మిద్దె తోటల గురించి రాసినప్పుడల్లా మిత్ర పురుగుల్ని కాపాడుకోవాలి అని ఒక లైన్ ఉంటుంది, పక్కన ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగు ఫొటో ఉంటుంది, అంతే. ఆ ఎర్ర పురుగుని ఎవరూ చంపరండి, పిల్లలు కూడా చేతి మీద పాకించుకుని వదిలేస్తారు. చంపేది దాని పిల్ల పురుగుని. మొక్కల రసం పీల్చే పేనుబంకని తినడంలో అది తల్లికేమీ తీసిపోదు, పైగా రెక్కలుండవు కాబట్టి ఎగిరి పక్కింటికి పోదు, మన పాదు మీదే ఉంటుంది. దాని ఫొటో మాత్రం ఎవరూ వెయ్యరు.

మా విజయనగరంలో పైడితల్లమ్మ పండగ అయ్యి కాస్త చలి మొదలయ్యాక చిక్కుడు పూతకొస్తుంది కదా, సరిగ్గా అప్పుడే పేనుబంక కూడా దిగుతుంది. లేత చిగుళ్ళు, పూల కాడలు నల్లగా మెత్తినట్టు అయిపోతాయి. ఇది ఇంత తొందరగా ఎలా పెరుగుతుందంటే ఆడ పురుగుకి మగదానితో పని లేదు, గుడ్లతో కూడా పని లేదు, నేరుగా పిల్లల్ని పెట్టేస్తుంది, ఆ పిల్లలు వారం తిరిగేసరికి మళ్ళీ పిల్లలు పెట్టే వయసుకొస్తాయి. అందుకే మందు కొట్టినా మిగిలిన నాలుగైదింటి నుంచి మళ్ళీ పాదంతా నిండిపోతుంది. మందుకి చచ్చిన అక్షింతల పురుగులు మాత్రం అంత తొందరగా తిరిగి రావు.

ఆ పిల్ల పురుగు చూడటానికి అచ్చం బుల్లి మొసలిలా ఉంటుంది. నల్లటి ఒళ్ళు, మీద నారింజ రంగు మచ్చలు, ముందుకి ఆరు కాళ్ళు, వెనక సన్నటి తోక. చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది, తప్పు పట్టలేం. చిగురు మీద పేనుబంక వరసగా కూర్చుని రసం పీలుస్తుంటే ఇది మెల్లగా వచ్చి చివరిదాన్ని పట్టుకుంటుంది, ఒక్కోసారి దాన్ని కాండం మీంచి ఎత్తేసి గాల్లో పట్టుకుని మరీ పీల్చేస్తుంది, తెల్లటి తోలు ఒక్కటి మిగులుతుంది, పక్కనున్నవి ఏమీ జరగనట్టే కూర్చుంటాయి. ఓ పావుగంట అలా నిలబడి చూస్తే టీవీ అక్కర్లేదు.

ఎదురింటి పెద్దమ్మ డాబా మీదకొచ్చి చూసి "ఏటమ్మా ఈ పురుగులు, ఇలాగ ఉంచేసినావేటి, మందు కొట్టీ" అంది. ఆవిడ ఇంట్లో చిక్కుడికి పురుగు మందుల షాపు అతను చిన్న సీసా ఇచ్చాడట, తీరా చూస్తే మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద దాన్ని వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది, అయినా కౌంటర్ మీంచి అలా వచ్చేస్తోంది, బిల్లు కూడా లేదు. ఇంటిల్లిపాదీ తినే చిక్కుడుకాయ మీద!

ఈ అక్షింతల పురుగుల్ని ఇంట్లో పెంచడం పెద్ద పనేం కాదు, కొనక్కర్లేదు కూడా. ఆన్‌లైన్లో చూసి అక్షింతల పురుగులు ఎక్కడ అమ్ముతారు అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అమెరికాలో కొండల్లో గుంపులుగా నిద్రపోయే వాటిని ఏరి ప్యాకెట్లలో అమ్ముతారు, వదిలిన రెండు మూడు రోజుల్లో చాలావరకు ఎగిరిపోతాయి. మనకా అవస్థ ఎందుకు? మన చిక్కుడు, బొబ్బర్లు, జొన్న మీద మనవే ఉన్నాయి, పసుపు రెక్కల మీద నల్లగా వంకర గీతలుండేది ఒకటి, నారింజ రంగు మీద నల్ల పట్టీలుండేది ఒకటి. ఆకు కింద పసుపు రంగు గుడ్లు పదీ ఇరవై ఒక చోట నిలబెట్టినట్టు ఉంటాయి. ఆ ఆకుని తుంచి స్వీట్ బాక్సులో పెట్టి, మూత బదులు పల్చటి గుడ్డ వేసి రబ్బరు బ్యాండు పెట్టండి. అడుగున టిష్యూ పేపర్ వేస్తే చెమ్మ పీల్చుకుంటుంది, లేకపోతే పిల్లలు నీటి బొట్టులో ఇరుక్కుని చచ్చిపోతాయి. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి, అప్పట్నుంచి పేనుబంక పట్టిన చిగుళ్ళు రోజూ మార్చి వెయ్యాలి. తిండి తగ్గిందో ఒకదాన్నొకటి తినేస్తాయి, మొహమాటం అస్సలు లేదు వీటికి, అందుకే ఒకే డబ్బాలో కుక్కకుండా విడదియ్యాలి. పిల్లల డ్రాయింగ్ బ్రష్‌తో తీస్తే దెబ్బ తగలదు. కాస్త పెరిగాక సాయంత్రం పూట పేనుబంక ఎక్కువున్న కొమ్మ మొదట్లో వదిలేస్తే చాలు, పెద్దవయ్యేదాకా డబ్బాలో ఉంచక్కర్లేదు. అది ఆకుకి అతుక్కుని కదలకుండా ఉండిపోయిందంటే చచ్చిందని కాదు, పిల్ల నుంచి రెక్కల పురుగుగా మారే ప్యూపా దశ, పీకొద్దు. అన్నీ కలిపి మన వేడికి రెండు మూడు వారాల్లో గుడ్డు నుంచి రెక్కల పురుగు అయిపోతుంది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి చీమలు. పేనుబంక వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, మన పిల్ల పురుగుల్ని కరిచి తరిమేస్తాయి. కుండీని నీళ్ళ పళ్ళెంలో ఇటుక మీద పెట్టండి, కొమ్మ గోడకి తగలకుండా చూసుకోండి, సగం పని అయిపోతుంది. వదిలాక సబ్బు నీళ్ళు, వేప నూనె కొట్టకండి, సహజమైనవే కదా అనుకుంటాం కానీ మెత్తటి పిల్ల పురుగు మీద పడితే అదీ పోతుంది. ముందే కొట్టుకోవాలి, లేదా వట్టి నీళ్ళు గట్టిగా చిమ్మి పేనుబంకని రాల్చాలి. తోటలో నాలుగు ధనియాల మొక్కల్ని పీకకుండా పూతకి వదిలేస్తే పెద్ద పురుగులు ఆ పుప్పొడి తిని ఆగుతాయి. ఓ టబ్బులో జొన్న గానీ మొక్కజొన్న గానీ వేస్తే మరీ మంచిది, దాని మీదొచ్చే పేనుబంక చిక్కుడికి ఎక్కదు, అక్షింతల పురుగులకి మాత్రం భోజనం. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు గట్టు చుట్టూ జొన్న వేసేది ఊరికే కాదు.

ఒక్క జాగ్రత్త. వంగ మీద, కాకర మీద ఇంకో రకం ఉంటుంది, అది శత్రువే. రంగు వెలిసిన ఇటుకలా ఉంటుంది, మెరవదు, దగ్గరగా చూస్తే సన్నటి నూగు, చాలా చుక్కలు, ఇరవై ఎనిమిది దాకా. దాని పిల్ల పసుపు రంగులో ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది, ఆకు పచ్చదనమంతా గీకేసి జల్లెడ చేసేస్తుంది. గుడ్లు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పక్కన పేనుబంక ఉందా లేదా చూడండి, ఏమీ లేకుండా వంగ ఆకు కింద పసుపు గుడ్లు కనపడితే ఆకుతో సహా తీసి సబ్బు నీళ్ళలో పడేయండి.

మందారం, జామ, గోగు మీద తెల్లగా పట్టే పిండి నల్లి సంగతి వేరు, దానికి క్రిప్టోలీమస్ అనే ఆస్ట్రేలియా అక్షింతల పురుగు ఉంది. 1898లో కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం మన దేశానికి తెచ్చారు, తర్వాత పిండి నల్లి మీద బాగా పనికొచ్చింది. గుమ్మడికాయ మీద పిండి నల్లిని పెంచి, దాని మీద వీటిని పెంచుతారు. దీని పిల్ల ఒంటి నిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండి నల్లిలాగే ఉంటుంది, కాకపోతే సైజు పెద్దది, చకచకా నడుస్తుంది. జనం ముందు దాన్నే నలిపేస్తారు. గోగు పండించే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో, నైర వ్యవసాయ కాలేజీ, ఆమదాలవలస పరిశోధన కేంద్రం ఇంత దగ్గరలో ఉండగా, ఈ పురుగుల్ని గుమ్మడికాయల మీద పెంచి రైతు సేవా కేంద్రాల్లో చిన్న డబ్బాల్లో అమ్మితే మిద్దె తోటల వాళ్ళం క్యూ కట్టి కొంటాం. మా కాలనీలోనే చాలామంది అడుగుతున్నారు.

అది జరిగేలోపు మీరు చెయ్యగలిగింది ఒకటుంది. చిక్కుడు పూత రాకముందే, దసరా అయిన వారంలో, గుడ్లు, నల్ల పిల్ల పురుగు, ప్యూపా, పెద్ద పురుగు నాలుగూ ఒకే చోట వేసి, పక్కనే వంగ పురుగు పిల్లని కూడా వెయ్యండి. దయచేసి రంగుల పేజీలోనే వెయ్యండి, బ్లాక్ అండ్ వైట్‌లో వేస్తే ఆ నారింజ మచ్చలు, ఈ పసుపు ముళ్ళు ఏదీ తెలీదు, మళ్ళీ రెండిటికీ ఒకటే మందు కొట్టేస్తారు.

ఇట్లు,
మిద్దె తోట పెంచుకునే ఓ పాఠకురాలు,
కంటోన్మెంట్, విజయనగరం