బిడ్డకి తొలి ముద్ద ఎప్పుడు?

పర్లాకిమిడి, గుణుపురం అమ్మలకి: ఆరో నెల పడగానే కాదు, ఆరు నెలలు నిండాక (సుమారు 180 రోజులు) మొదలెట్టండి. మెడ నిలవాలి, ఆనిస్తే కూర్చోవాలి, చెంచా పెడితే నాలుకతో నెట్టెయ్యకూడదు. ఆడపిల్లకి ఐదో నెలలోనే అన్నప్రాసన ముహూర్తం పెట్టేశారా? మెతుకు పెదవికి తాకించి ఊరుకోండి, పెద్దలూ సంతోషిస్తారు. తేనె మాత్రం ఏడాది దాకా నాకించొద్దు.

మొదట రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు, తల్లిపాలు మానొద్దు. చోడి (రాగి) జావైనా మెత్తటి పప్పన్నమైనా చెంచా వంచితే జారిపోకూడదు. పల్చటి జావతో బుజ్జిపొట్ట నీళ్లకే నిండిపోతుంది, బరువు పెరగదు. పాలలో ఐరన్ ఇక చాలదు కాబట్టి పప్పు, ఆకుకూర, బాగా ఉడికిన గుడ్డు ఆలస్యం చెయ్యకండి. అంగన్‌వాడీలో ఇచ్చే చతువా పిండిలో పంచదార ఉంటుంది, మళ్లీ కలపొద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే డాక్టర్‌ని అడిగే మొదలెట్టండి.